పాట పాడేవాళ్లు రాజకీయం మాట్లాడొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఆర్కెస్ట్రా పెట్టి ఇరవై రెండేళ్లయింది. కీబోర్డు వాయించేది నేనే, అడ్వాన్సులు మాట్లాడేది నేనే, వ్యాన్‌కు డీజిలు పోయించేదీ నేనే. ఎన్నికలు దగ్గరపడే కొద్దీ మా గ్రూపు పిల్లలూ, ఒంగోలు, కావలి, కనిగిరి వైపు పాడే స్నేహితులూ, మా కచేరీలు వినేవాళ్లూ అవే సందేహాలు తిప్పి తిప్పి అడుగుతుంటారు. మా ఊరి మద్రాసు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఒకడికి చెప్పింది మర్నాడు ఇంకొకడికి చెప్పాల్సొస్తోంది. అందుకే ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## నోరు విప్పకముందు

నేను పాడేవాణ్ణి కదన్నా, నాకెందుకు రాజకీయం?

వద్దనుకుంటే వద్దు, ఎవరూ బలవంతపెట్టరు. కానీ "కళాకారుడికి రాజకీయమేంది" అని ఎవరన్నా దబాయిస్తే బుర్రకథ గుర్తుచెయ్. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. పల్నాటి వీరుల కథ మాంచి పట్టులో ఉండగా ఆపించి, ఊళ్లో రేషన్ బియ్యం సంగతో కరణం సంగతో ఎత్తుకోవడం ఆ రెండో వంత పని. 1943లో మొదలైన, కమ్యూనిస్టు కళాకారుల ప్రజానాట్యమండలి ఈ కళను ఎంత పదును పెట్టిందంటే, ఆ దళాల మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. ముగ్గురే ఉండే ఆటలో ఒక మనిషిని ఏకంగా రాజకీయానికే కేటాయించిన జాతి మనది.

రాజకీయమంటే పార్టీయేగా?

మన జిల్లావాడు అడగాల్సిన ప్రశ్న కాదిది. 1991-92లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. సాయంత్రం లాంతరు దగ్గర ఆడవాళ్లకు చదువు, ఊరూరా కళాజాతా. పలకలు కొట్టి, గజ్జె కట్టి పాడిన ఆ పాటల్లో ఓటు మాట లేదు, గుర్తు లేదు. తాగుడు, కూలి, మొగుడి దెబ్బలు, పిల్లల ఆకలి ఉండేవి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ కథ అక్షరాస్యత పుస్తకంలో పాఠమై పక్క ఊళ్లకు చేరింది. ఆ పాఠం చదివిన ఊళ్లు ఊరుకోలేదు, జిల్లాలో సారా వేలంపాట వాయిదాల మీద వాయిదాలు పడింది. వేలంపాటను మామూలు పాట ఆపిందని మా గురువు గారు నవ్వేవారు.

1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారనుకో. పార్టీలు ఆ విషయాన్ని తర్వాత తమ మేనిఫెస్టోల్లోకి ఎక్కించుకున్నాయి. ముందు ఎత్తుకున్నది మాత్రం సాయంత్రం బడిలో పాటలు పాడుకున్న ఆడవాళ్లు. కనిగిరి ఫ్లోరైడ్ నీళ్ల మీద పాడినా, పొగాకు రేటు మీద పాడినా అది రాజకీయమే. దానికి కండువా అక్కర్లేదు.

ఎస్పీ బాలు గారు ఏ పార్టీ మాటా ఎత్తలేదు. ఆ దారి మంచిది కాదా?

నెల్లూరులో ఈ ప్రశ్న రాకుండా సంభాషణ ముగియదు. ఆయన ఎంజీఆర్‌కు పాడారు, ఎన్టీఆర్‌కు పాడారు. వాళ్లిద్దరూ ముఖ్యమంత్రులయ్యారు, ఈయన మైకు దగ్గరే ఉండిపోయారు. సినిమా గాయకుడు వేరొకరు రాసిన మాటను, వేరొకరు కట్టిన వరసలో, తెర మీద ఇంకొకరి నోటికి అందిస్తాడు. ఆ పనికి ఆ మౌనం నప్పింది. సొంతంగా రాసి, సొంతంగా పాడే జానపద గాయకుడికి అదే కొలత పెట్టి "బాలూని చూసి నేర్చుకో" అనడం న్యాయం కాదు. హరికథ చెప్పే సాంబమూర్తి గారింట్లో పుట్టినాయనకు, పిట్టకథలో ఊరి పెద్దకు చురక వేసే హరిదాసుల సంగతి తెలియదని నేననుకోను.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. 2017 మార్చిలో తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఇళయరాజా గారి నుంచి లీగల్ నోటీసు వచ్చినప్పుడు విషయం ఫేస్‌బుక్‌లో తానే చెప్పి, ఇక ఆ పాటలు పాడనన్నారు. దీని మీద ఎవరూ పరుషంగా మాట్లాడొద్దని అభిమానులను అదే పోస్టులో కోరారు. మాట చెప్పేటప్పుడే అభిమానులకు పగ్గం వేశారు. చాలామంది అది మర్చిపోయి, ఇల్లంటుకున్నాక నీళ్లకు పరిగెడతారు.

చెబితే పని పోతుందా?

పోవచ్చు. దీన్ని దాచి ధైర్యం చెప్పేవాళ్ల మాట నమ్మకు.

ఒక యేడు కోతలప్పుడు మా మామ కల్లంలో ధాన్యం రాశి ఫొటో తీసి, పుట్టికి మద్దతు ధర రావడం లేదని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మన వైపు పుట్టంటే 850 కిలోలు. తేమ అని, తాలు అని ఎంత కోస్తారో రైతింట్లో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. స్టేటస్‌లో ఏ నాయకుడి పేరూ లేదు. పదకొండేళ్లుగా శ్రీరామనవమికి మమ్మల్నే పిలిచే గుడి కమిటీ ఒకటి ఆ యేడు పిలవలేదు. ఫోన్ చేస్తే "ఈసారి కోలాటం పెట్టుకున్నాంలే బ్బా" అన్నారు. కమిటీలో ఒకాయనకు ధాన్యం వ్యాపారం ఉందని నాకు ఎండాకాలం అయ్యాక తెలిసింది. రెండేళ్లకు మళ్లీ పిలిచారు, పాత రేటుకే.

చెన్నైలోనో హైదరాబాదులోనో పెద్ద గాయకుడికి ఒక కచేరీ పోతే ఇంకోటి దొరుకుతుంది. మనకు ఏడాదికి పెళ్లిళ్లు, తిరునాళ్లు, నవరాత్రులు, అంతే. అవి పెట్టే కమిటీల్లో ఏదో ఒక పార్టీ మనిషి ఉండనే ఉంటాడు. అందుకే నోరు మెదపని మా ప్యాడ్స్ (కరెంటు డ్రమ్స్) వాయించే కుర్రాణ్ణి పిరికివాడని నేననను. వాడి మీద నలుగురు తినేవాళ్లున్నారు.

గవర్నమెంటు సంగీత పాఠశాలలో పనిచేస్తున్నాను. నాకు వేరే రూలుందా?

ఉంది. ప్రభుత్వోద్యోగులు పార్టీలో చేరకూడదు, ఎన్నికల ప్రచారంలో పాల్గొనకూడదు. సెలవు పెట్టి పాడినా, డబ్బు తీసుకోకుండా పాడినా ప్రచారం ప్రచారమే. కాంట్రాక్టు ఉద్యోగమైతే ఆర్డరు కాగితంలో షరతులు చదువుకోండి.

నోరు మూసుకుంటే భద్రమేనా?

అదీ గ్యారంటీ లేదు. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో కాంగ్రెస్ కార్యక్రమానికి పాడనన్నందుకు కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణిలో ఆపేశారు. ఆయన ఎవర్నీ తిట్టలేదు, రానన్నాడంతే. పాడనని చెప్పడం కూడా కొందరి చెవికి ఉపన్యాసంలాగే వినిపిస్తుంది.

చట్టం మాత్రం మౌనం వైపు ఉంది. జాతీయగీతం వచ్చేటప్పుడు మర్యాదగా లేచి నిలబడి, మత విశ్వాసం వల్ల గొంతు కలపని ముగ్గురు కేరళ పిల్లలను బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కూ ఉంది.

## పార్టీ పాటకు పిలుపొచ్చినప్పుడు

డబ్బులిచ్చి పార్టీ పాట పాడమంటే పాడితే తప్పా?

తప్పు కాదు. గోడల మీద గుర్తులు గీసే పెయింటరును చూడు. పొద్దున ఒక గుర్తు, మధ్యాహ్నం ఇంకో గుర్తు. ఆయన్ను ద్రోహి అని ఎవరూ అనరు, ఎందుకంటే ఆయన "ఇది నా గుండెలోంచి వచ్చిన బొమ్మ" అని చెప్పుకోడు. మనవాళ్లకు చిక్కొచ్చేది అక్కడే. పదివేలు తీసుకుని స్టూడియోలో ట్రాకు పాడొచ్చి, సాయంత్రం ఇన్‌స్టాలో ఆ పాటే పెట్టి "మా అన్న కోసం నా చిరుకానుక" అని రాస్తారు. గొంతు అద్దెకివ్వడంలో తప్పులేదు. అద్దెకిచ్చిన గొంతును అభిమానమని అమ్మడం దగ్గరే నాకు పేచీ. రేపు ప్రభుత్వం మారితే ఆ చిరుకానుకే స్క్రీన్‌షాటై తిరుగుతుంది.

డబ్బుకే పాడినా ముద్ర పడదని కాదు. గాయని మంగ్లీ ఒక పార్టీకి పాడిన ఎన్నికల పాటలు ఏళ్ల తరబడి ఆమెను వదల్లేదు. తాను కళాకారిణినని, ఏ పార్టీ మనిషినీ కానని 2025లో బహిరంగ లేఖ రాసి చెప్పుకోవాల్సొచ్చింది. అంత పేరున్నావిడకే తప్పలేదు. కాబట్టి ఒప్పుకునేటప్పుడే రేటులో ఈ ముద్ర ఖరీదు కూడా కలుపుకో. నేను వెటకారానికి చెప్పడం లేదు.

రెండు పార్టీలకూ పాడొచ్చా?

పాడొచ్చు, ఇద్దరికీ తెలిసేట్టు. ఒకే వార్డులో ఒకే వారంలో మాత్రం వద్దు. మా దగ్గర ఒకడు పాడాడు, రెండు ఆటోలు ఒకే సందులో ఎదురుపడ్డాయి. రెండిట్లోంచీ వీడి గొంతే. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి నవ్వుకున్నారు కాబట్టి బతికిపోయాడు.

సినిమా పాట వరసకు పార్టీ మాటలు పెడితే కేసవుతుందా?

అవుతుంది. వరస మీద, రికార్డింగ్ మీద హక్కు ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి. "ఎన్నికల్లో అందరూ చేస్తున్నారు" అనేది కోర్టులో నిలవదు. 2022 నవంబరులో కేజీఎఫ్-2 సంగీతం వాడారని మ్యూజిక్ కంపెనీ కోర్టుకెక్కితే, కాంగ్రెస్ పార్టీ ట్విటర్ ఖాతాను తాత్కాలికంగా ఆపమని బెంగళూరు కోర్టు ఆదేశించింది. తర్వాత హైకోర్టు ఆ ఆదేశాన్ని షరతులతో పక్కనపెట్టిందిలే. జాతీయ పార్టీకే ఆ తిప్పలొస్తే మన స్టూడియో ఎంత? జానపద వరసలు బోలెడున్నాయి, వాటి మీద కట్టుకో. పాత బాణీయే తీసుకో, వేరేవాళ్ల రికార్డింగ్ ట్రాకు మాత్రం ఎత్తుకోవద్దు.

ఎన్నికలప్పుడు ఏ రూల్స్ చూసుకోవాలి?

రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు మైకు లేదు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం బంద్, జనాన్ని పోగుచేసే కచేరీలు కూడా అందులోకే వస్తాయి. టీవీలోనో సోషల్ మీడియాలోనో ప్రకటనగా వేసే పాటకు పార్టీవాళ్లు ముందుగా ఎన్నికల అధికారుల కమిటీ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. నీకిచ్చే డబ్బు అభ్యర్థి ఖర్చులో రాస్తారు. 10,000 రూపాయలు దాటితే చెక్కో, ఆన్‌లైనో అడుగు. "తర్వాత చూద్దాం" అన్న డబ్బు, ఓడిపోయిన అభ్యర్థి దగ్గర ఇంతవరకూ ఎవరికీ వసూలు కాలేదు. గెలిచినాయన దగ్గరైతే ఆయన్ను కలవడమే కుదరదు.

## వేదిక మీద

తిరునాళ్లలో చిట్టీ పంపి పార్టీ పాట అడిగితే?

ఉదయగిరి వైపు ఒక ఊరు. రాత్రి పదకొండు కావస్తోంది, మైకు పర్మిషన్ ఎవరు తెచ్చారో నేనడగలేదు, అది నా తప్పు. పెళ్లి శుభలేఖ చించి వెనకాల రాసిన చిట్టీ ఒకటి, దానికి పిన్ను కొట్టిన 500 నోటు స్టేజీ మీదికొచ్చాయి. ఒక నాయకుడి పాట వెయ్యమని. పాడే అమ్మాయి నా మొహం చూసింది. నేను తలూపాను. పల్లవి అయ్యేసరికి కుడివైపు నుంచి ఇంకో చిట్టీ, ఈసారి రెండు నోట్లు. ఆ పాట కూడా అందుకున్నాం. చరణంలోకి వెళ్లకముందే మొదటి కుర్చీ గాల్లోకి లేచింది. అమ్మాయిని వ్యాన్ ఎక్కించి, ప్యాడ్స్ దుప్పట్లో చుట్టుకుని బయటపడ్డాం. మిక్సరు అక్కడే పోయింది. కమిటీవాళ్లు సగం డబ్బే ఇచ్చారు, "గొడవ మీ పాట వల్లే కదా" అని. ఆలోచిస్తే వాళ్లన్నదాంట్లో సగం నిజముంది. 1,500 రూపాయలకు తలూపింది నేనే.

అప్పట్నుంచి అడ్వాన్సు రసీదు మీదే "పార్టీ పాటలు లేవు" అని రాసిస్తున్నాను. చిట్టీ వస్తే నోటు తీసి చిట్టీతో పాటే వెనక్కి పంపుతాం. నోటు ఉంచుకుని పాట వెయ్యకపోతే ఇంకా పెద్ద గొడవ.

సింగరకొండ తిరునాళ్లలాంటి చోట లెక్క వేరు. అక్కడ ప్రభలు (లైట్లతో ఎత్తుగా కట్టే కట్టడాలు) ఎవరు కట్టించారో జనానికి తెలుసు, ఆ ప్రభ మీద పాడితే ఎవరి పాట పడుతుందో కూడా తెలుసు. ఇష్టమైతే ఎక్కు, లేదంటే మొదట్లోనే రానని చెప్పు.

కచేరీ మధ్యలో నా సొంత అభిప్రాయం చెప్పొచ్చా?

వేదిక నీదైతే చెప్పు. పెళ్లివారు పిలిచిన వేదిక పెళ్లివారిది, అక్కడ వద్దు. చెప్పేదేదో రెండు వాక్యాల్లో చెప్పి పాటలోకి దిగు. శృతిపెట్టె మోగుతుండగా ఐదు నిమిషాలు ఉపన్యాసమిస్తే నీతో ఏకీభవించేవాడు కూడా బజ్జీల బండి దగ్గరికి పోతాడు.

హీరో పేరు చెప్పి జై కొట్టమని అరుస్తారు. అది రాజకీయమేనా?

మన దగ్గర హీరో ఫ్యాన్సూ పార్టీ కార్యకర్తలూ చాలాసార్లు ఒకే కుర్రాళ్లు. ఫ్లెక్సీ మీద ఫొటో మారుతుంది, కింద పేర్లు అవే. "అందరికీ జై" అని నవ్వి కౌంట్ ఇచ్చెయ్. డ్రమ్స్ మొదలైతే అరుపులు వాటిలో కలిసిపోతాయి.

## మాట బయటికొచ్చాక

ఒక్క పోస్టుకి ఇన్ని బూతులేందన్నా? నిన్నటిదాకా వీళ్లే చప్పట్లు కొట్టారు.

పాట వినేవాడు దాన్ని తన సొంతం చేసుకుంటాడు. నువ్వు పాడిన లాలిపాటతో వాడి బిడ్డ నిద్రపోయింది, నీ విషాద గీతంతో వాడు ప్రేమ పోగొట్టుకున్న రాత్రి గడిపాడు. ఆ గొంతు తనకు నచ్చనివాణ్ణి మెచ్చుకునేసరికి ఇంట్లోవాళ్లే ఎదురుతిరిగినట్టుంటుంది వాడికి. కోపమంతా నీ అభిప్రాయం మీద అనుకోవద్దు. సగం కోపం "నా పాటను పాడుచేశావు" అనే.

లండన్‌లో 2003 మార్చి 10న డిక్సీ చిక్స్ అనే అమెరికా బృందం గాయని నాటలీ మేన్స్, ఇరాక్ యుద్ధానికి కాస్త ముందు, తమ అధ్యక్షుడు తమ టెక్సాస్ వాడైనందుకు సిగ్గుపడుతున్నామంది. ఒక్క వాక్యం. రేడియోలు వాళ్ల పాటలు ఆపేశాయి, సీడీలను ట్రాక్టరుతో తొక్కించారు. 2007లో అదే బృందానికి ఐదు గ్రామీలొచ్చాయి. అవార్డులొచ్చాయని అందరూ తిరిగొచ్చారనుకోకు, వాళ్ల పాటలు పక్కన పెట్టిన రేడియోలు చాలాకాలం అట్టాగే ఉండిపోయాయి.

ఇంకో సంగతి. వంద తిట్లలో నీ కచేరీ ఒక్కసారైనా విన్నవాళ్లవి ఎన్నో చూడు. మిగతావన్నీ వేరే ఊళ్లో కూర్చుని అదే పని చేసేవాళ్లవి. విన్నవాళ్లకే జవాబివ్వు.

డిలీట్ చేయాలా? సారీ చెప్పాలా?

విషయం తప్పైతే రెండూ చెయ్యి, ఏది తప్పో కూడా చెప్పు. విషయం నిజమైతే ఉంచు, మాటలో దురుసుంటే ఆ దురుసుకు మాత్రం సారీ చెప్పు. చెప్పాపెట్టకుండా తీసేయడం అన్నిటికన్నా చేటు. స్క్రీన్‌షాట్ ఎటూ ఉంటుంది, పైగా భయపడ్డావని పేరు. "నా అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారు" అనేది మాత్రం దయచేసి వద్దు, దాన్ని మీ అమ్మ కూడా నమ్మదు.

కేసు పెడతారా?

పెట్టొచ్చు, కానీ ప్రతి కేసూ నిలవదు. ప్రభుత్వాన్ని విమర్శించడం నేరం కాదు. ఒక మనిషి పరువు తీసే అబద్ధం చెబితే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్, రెండేళ్ల వరకు శిక్ష. కులాల మధ్య, మతాల మధ్య చిచ్చుపెట్టే మాట అంతకన్నా ప్రమాదం. ఆన్‌లైన్ మాటలకు జైల్లో వేసే, ఐటీ చట్టంలోని పాత 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. 2025 మార్చిలో ఎంపీ, కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్ పోలీసులు ఒక కవిత గురించి పెట్టిన కేసునూ కొట్టేసింది. ఆవేశం తగ్గించి, అంకెలు సరిచూసుకుని, మనిషిని వదిలేసి పనిని విమర్శించు. నోటీసు వస్తే గ్రూపులో పెట్టకుండా వకీలు దగ్గరికి పో.

అప్పుడు అట్టా అన్నావు, ఇప్పుడు ఇట్టా అంటావా అని నిలదీస్తే? మాట మార్చుకోకూడదా?

గద్దర్ కన్నా ఉదాహరణ ఎవరు? దశాబ్దాలు ఓటును కాదన్న మనిషి. 1997 ఏప్రిల్‌లో కాల్పులు జరిగితే ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అదే మనిషి 2018 డిసెంబరులో మొదటిసారి వరసలో నిలబడి ఓటేశాడు. కొందరు పాత అభిమానులు నొచ్చుకున్నారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. 2023లో ఆయన పోయాక తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది. మారడం మోసం కాదు. ఎందుకు మారావో ఎదురుగా నిలబడి చెప్పగలిగితే చాలు. ఫలితాలొచ్చిన మర్నాడు పొద్దున్నే మారితే మాత్రం నేనూ నవ్వుతాను.

కష్టమొస్తే జనం మన వెనక నిలబడతారా?

గరిమెళ్ల సత్యనారాయణ గారు "మాకొద్దీ తెల్ల దొరతనము" రాసి పాడితే ఆంధ్రదేశమంతా పాడింది. ఆయన జైలుకు పోయాడు. స్వాతంత్ర్యం వచ్చింది. ఆయన మాత్రం మద్రాసులో పేదరికంలో బతికి 1952లో పోయాడు. పాట తెలియనివాడు లేడు, కవి ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగినవాళ్లు తక్కువ. చేతిలో ఇంకో పని ఉంచుకో. నాకు మ్యారేజీ వీడియో ఎడిటింగ్ ఉంది, అదే నన్ను రెండుసార్లు కాపాడింది.

## వినేవాళ్ల కోసం

నాకిష్టమైన గాయకుడు నాకు పడని పార్టీ. పాటలు మానేయాలా?

మీ చెవి మీ ఇష్టం. మానేస్తే తప్పులేదు, వింటే సిగ్గులేదు. ఇంటికెళ్లి తిట్టడం, వాళ్ల ఆడవాళ్ల ఫొటోలు తీసి రాయడం, వచ్చే కచేరీ ఆపించడం, ఇవి వినేవాడి హక్కుల్లోకి రావు.

తోటి కళాకారులే బహిష్కరిస్తే సబబేనా?

2024లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణను సంగీత కళానిధి పురస్కారానికి ఎంచితే, ఆయన అభిప్రాయాలు నచ్చక గాయనులు రంజని-గాయత్రి ఆ యేటి డిసెంబరు ఉత్సవంలో పాడమని తప్పుకున్నారు, చిత్రవీణ రవికిరణ్ తనకు అంతకుముందు వచ్చిన అదే పురస్కారం తిరిగిచ్చేశారు. కోర్టుల దాకా పోయింది. తాను పాడనని తప్పుకోవడం వాళ్ల అభిప్రాయం, దానికీ విలువుంది. ఎదుటివాణ్ణి పాడనివ్వొద్దనడం వేరే సంగతి. ఆయన మాటల్లో నాకు నచ్చనివున్నాయి. కానీ ఆ డిసెంబరంతా మా నెల్లూరు సంగీత మిత్రులు రాగం గురించి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, బాగా పాడుతుంది. పార్టీ పాటకు అడుగుతున్నారు. పంపమంటారా?

వద్దండి. ప్రచారంలో పిల్లలను వాడకూడదని, వాళ్ల చేత పాటలు, నినాదాలు చెప్పించకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో గట్టిగా చెప్పింది. రూలు పక్కన పెట్టినా, నెల రోజులు ఆ గొంతు ఆటోల్లో తిరుగుతుంది. బళ్లో పక్క బెంచీ అమ్మాయి వాళ్ల నాన్న అవతలి పార్టీ కావచ్చు. క్రితంసారి నన్నిట్టాగే అడిగినాయన రెండు రోజులు ఆలోచించి అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. ఆటోలో వేరే గొంతు తిరిగింది. ఆ నెలంతా ఆ పిల్ల ఇంట్లో వర్ణం సాధన చేసుకుంది, ఆటో వీధిలోకి వచ్చినప్పుడల్లా శ్రుతి తప్పుతోందని కిటికీ మూసేస్తూ.